మేనకోడలి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో నేనెంతవరకు వేలు పెట్టాలి?

మాది శ్రీకాకుళం. ఆమదాలవలసలో ఉండే మా మేనకోడలు బీటెక్ రెండో ఏడాది. తెలుగు పదాల్లో అక్షరాలు లెక్కపెట్టే చిన్న పైథాన్ లైబ్రరీ (వేరే ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్) రాసి, కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో పెట్టింది. ఆలోచన పూర్తిగా తనదే. 'శ్రీకాకుళం' పొడవెంత అని అడిగితే పైథాన్ 10 అంటుంది. మన కంటికి కనిపించేవి నాలుగే: శ్రీ, కా, కు, ళం. పొల్లు, గుణింతపు గుర్తులు, సున్న, కంప్యూటర్లు అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో దేనికది వేరే కోడ్ మరి. "మావయ్యా, మన ఊరికి పది అక్షరాలట!" అని నవ్వుతూ ఫోన్ చేసింది. అక్కడ మొదలైంది.

తప్పు నాదే. పోయిన ఆదివారం రాత్రి తన కోడ్ చూస్తూ చెయ్యి ఆగక సగం ఫైలు తిరగరాసేశాను. పొద్దున్న చూసి "బాగుంది మావయ్యా" అంది, అంతే. ఆ తర్వాత ఒక్క కమిట్ (కోడ్‌లో చేసి భద్రపరిచిన మార్పు) లేదు. నాకు టెన్షన్‌గా ఉంది.

పిల్లలకు ఇలాంటివి నేర్పినవాళ్లు కాస్త చెప్పండి. నా మార్పులు తీసేసి, కనిపించిన తప్పులు గిట్‌హబ్‌లో ఇష్యూలుగా (సరిచేయాల్సినవాటి నోట్లుగా) మాత్రం రాసిపెట్టనా? ముందు కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే టెస్టులు తనచేత రాయించాలా? ఇంకొకటి, లైసెన్స్ ఫైలు ఇంకా లేదు. అది లేకపోతే వేరేవాళ్లు ఆ కోడ్‌ను హక్కుగా వాడుకోలేరని చెప్పాను. దాదాపు షరతుల్లేని ఎంఐటీ లైసెన్సా, మార్చి పంచితే అదే లైసెన్స్‌తో కోడ్ ఇవ్వాలనే జీపీఎల్లా అన్నది తననే తేల్చుకోమంటే మరీ బరువవుతుందా?