14 గంటలు కాచినా పాకం రాలేదు, చివరికి మాడింది

గుంటూరు_మిర్చి:
అన్నలూ అక్కలూ, నా వల్ల కావట్లేదు. పొద్దున 8కి స్టవ్ మీద పెట్టాను, ఇప్పుడు రాత్రి 10. పెరట్లో చెట్లకి బెజ్జాలు పెట్టి పట్టిన రసం, 40 లీటర్లు. 40కి 1 అని వీడియోలో చూశాను, అంటే లీటరు సిరప్ రావాలి. లీటరు దగ్గరికి వచ్చింది, గరిటెతో తీసి చూస్తే డికాక్షన్‌లా పల్చగా ఉంది. అరిసెల పాకంలాగే కదా, తీగ వస్తే దించేద్దాం అని మంట పెంచాను. తీగ రాలేదు. ఫోన్ మోగితే అవతల గదిలోకి వెళ్ళి వచ్చాను, గట్టిగా అయిదు నిమిషాలు, వచ్చేసరికి అడుగంటి పొగ. నాలుక మీద పెట్టుకుంటే చేదు. తప్పెక్కడ జరిగింది? ఇంకో 30 లీటర్లు గరాజ్‌లో ఉంది. గిన్నె మా ఆవిడది, అది వేరే టెన్షన్.

నత్త_నడక:
ఏ చెట్టు? ఏ ఊరు?

పెసరట్టు_ఉప్మా:
అరిసెలకి తీగపాకం ఏంటండీ? ఉండపాకం. నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి. తీగపాకం బూందీ లడ్డూకి. ఈ రెండూ కలిపేస్తే సంక్రాంతికి ఇల్లంతా రాళ్ళు నమలాల్సిందే. ముందు ఇది సరిచేసుకోండి.

గుంటూరు_మిర్చి:
ఫెయిర్‌బ్యాంక్స్, అలాస్కా. చెట్టు బర్చ్, తెల్ల బెరడు ఉంటుందే అది. చెప్పలేదా? ఇక్కడ చుట్టూ ఉన్నవి అవే, ఇంకేం గీస్తాను!

నత్త_నడక:
40కి 1 మేపుల్ చెట్టు లెక్క. బర్చ్‌కి 100కి 1. మంట తగ్గించు.

గీత_మోకు:
తమ్ముడూ, "గీస్తాను" అనకు. మా తాత నల్గొండ దిక్కు గౌడు, నాకు ఈ మాట దగ్గర మనసు ఊరుకోదు. ఈతచెట్టుకి మొవ్వు కింద గీస్తారు, తాటికి గెల కోస్తారు, రెండింటికీ మళ్ళీ మళ్ళీ కత్తి పడాలి. నువ్వు చేసింది డ్రిల్లుతో తొలచడం. ఒక్క బెజ్జం పెట్టి గొట్టం దిగ్గొట్టి ఇంటికెళ్ళి పడుకుంటే అది గీత ఎట్లయితది? ఇంకో మాట. 30 లీటర్లు గరాజ్‌లో అన్నావు, ఎన్ని రోజులైంది? నీరా తెల్లారి దించింది ఎండెక్కితే కల్లు అయిపోతది, అందుకే లొట్టి లోపల సున్నం పూస్తరు. నీ రసంలో కూడా ఉన్నది చక్కెర నీళ్ళే, పులవకుండా ఎట్లుంటది.

పెసరట్టు_ఉప్మా:
బర్చ్ అంటే మన భూర్జమే. కశ్మీరులో దాని బెరడు మీద రాసేవారు, మనం తాటాకుల మీద రాసుకున్నట్టు.

గుంటూరు_మిర్చి:
గరాజ్‌లో మూడు రోజులు. చల్లగానే ఉంది, మధ్యాహ్నం తప్ప.

నత్త_నడక:
పారబొయ్.

చలిమంట_దగ్గర:
పారబోసే ముందు గ్లాసులో పట్టి కిటికీ దగ్గర చూడండి గారూ. నీళ్ళలా తేటగా ఉంటే కాచుకోవచ్చు, పాలనీళ్ళలా మసకగా ఉండి పులుపు వాసన వస్తే వదిలేయండి. నేను మీకు దక్షిణంగా, ఆంకరేజ్ వైపు ఉంటాను, నాలుగేళ్ళుగా చేస్తున్నాను, మొదటి ఏడు నేనూ ఒక గిన్నె తగలబెట్టాను.

మీరు చేసిన పొరపాటు ఒకటి కాదు. బర్చ్ రసంలో చక్కెర దాదాపు 1 శాతం, మేపుల్‌లో 2 దాటుతుంది, కాబట్టి 40 లీటర్లకి మీకు వచ్చేది 400 మిల్లీలీటర్లే. లీటరు దగ్గర పల్చగా ఉండటంలో వింతేం లేదు, ఇంకా సగానికి పైగా ఇగరాలి. రెండోది, మేపుల్‌లో ఉండేది మన పంచదార లాంటి సుక్రోజు, దీనిలో ఎక్కువ భాగం గ్లూకోజు, ఫ్రక్టోజు. ఫ్రక్టోజు తక్కువ వేడికే మాడుతుంది. అందుకే మొదట్లో ఎంత మంట పెట్టినా పర్వాలేదు కానీ, టీ రంగు దాటాక సన్న మంట మీద, మరగకుండా, ఆవిరి మాత్రం లేచేలా ఉంచాలి. నేనైతే చివరి రెండు మూడు లీటర్లు వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి రాత్రంతా వదిలేస్తాను. తీగ కోసం చూడకండి. థర్మామీటరు లెక్క కూడా మేపుల్‌ది దీనికి సరిపోదు, బ్రిక్స్ మీటరు, అంటే పాకంలో చక్కెర శాతం చూపేది, కొనుక్కుని 66, 67 దగ్గర దించండి.

అమ్మకానికి చేసేవాళ్ళు చాలామంది ముందు ఆర్వో మిషన్‌లో పోసి నీళ్ళు చాలావరకు తీసేస్తారు. మన ఇళ్ళలో ఆర్వోలో మంచినీళ్ళు పట్టుకుని మిగిలింది పారబోస్తాం, వీళ్ళు ఆ మిగిలిందే దాచుకుంటారు, తమాషాగా ఉంటుంది చూస్తే.

అన్నట్టు, మాడకపోయినా అది నల్లగానే ఉంటుంది, కాస్త పుల్లగా కూడా. మేపుల్ రుచి ఊహించుకుని దోశ మీద పోసుకుంటే నిరాశే. సాల్మన్ చేప మీద పూసి కాల్చుకోండి.

గీత_మోకు:
బెజ్జం మూసినవా తమ్ముడూ? చెట్టుకి పుండు పెట్టి అట్లనే వదిలేస్తే పాపం కదా.

చలిమంట_దగ్గర:
మూయనక్కర్లేదండీ, బిరడా కొడితే లోపల తేమ నిలిచి కుళ్ళుతుంది. గొట్టం తీసేస్తే చెట్టే పూడ్చుకుంటుంది. బెజ్జం అంగుళంన్నర లోతు దాటకుండా, వచ్చే ఏడాది వేరే చోట పెట్టాలి, అంతే.

గీత_మోకు:
నాకు నమ్మకం కుదరదు. ఇంత మట్టన్నా మెత్తాలి.

పెసరట్టు_ఉప్మా:
భూర్జ, బర్చ్ రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు, ఎవరూ పట్టించుకోలేదు నా మాట.

నత్త_నడక:
తేదీ ఎంత? మొగ్గలు పగిలాయా?

గుంటూరు_మిర్చి:
మే 6. చిన్నగా ఆకుపచ్చ చుక్కలు కనిపిస్తున్నాయి కొమ్మల మీద. అది కూడా ముఖ్యమా?

నత్త_నడక:
అయితే ఈ ఏటికి అయిపోయింది.

చలిమంట_దగ్గర:
ఆయన మాట కటువుగా ఉన్నా నిజమే. మొగ్గ విచ్చేసరికి రసం రుచి మారిపోతుంది. మొత్తం రెండు మూడు వారాల ముచ్చటే ఇది, మీ వైపు ఏప్రిల్ చివర్లో మొదలవుతుంది. గొట్టాలు తీసేయండి.

గుంటూరు_మిర్చి:
గ్లాసులో పట్టి చూశాను, పాలనీళ్ళలాగే ఉంది. పారబోశాను మొత్తం, చెయ్యి రాలేదు నిజానికి. థ్యాంక్స్ అన్నా. గిన్నె సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

నత్త_నడక:
వంటసోడా. నీళ్ళు పోసి మరిగించి రాత్రంతా నానబెట్టు.

గీత_మోకు:
పారబోసే ముందు పులిసింది ఒక గుటక తాగి చూసినవా?