చార్మినార్ దగ్గర తీరికగా ఒక రోజు గడపాలంటే బండ్లను తొలగించాల్సిందేనా?

చర్చ మొదలుపెట్టినవారు: హనుమకొండ పాఠకురాలు

క్రితం నెల ఒక ఆదివారం డెబ్బై రెండేళ్ల మా అమ్మను వెంటబెట్టుకుని, పొద్దున్న పది గంటలకు మదీనా దగ్గర బస్సు దిగి, చీకటి పడేదాకా చార్మినార్ పరిసరాల్లోనే గడిపాను. పత్థర్‌గట్టి రాతి వరండాల నీడలో నడక హాయిగా సాగింది. నాలుగు కమాన్ల (పెద్ద తోరణ ద్వారాల) నడుమ గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ దగ్గర అమ్మ చాలాసేపు నిలబడి చూసింది. అక్కడి నుంచి ముందుకు కదిలాక మాత్రం గాజుల బండ్లు, పండ్ల బండ్లు, గొడుగుల కింద పోసిన చెప్పుల కుప్పలు దారిని ఎంతగా కమ్మేశాయంటే, ఆమె చెయ్యి పట్టుకుని పదడుగులు వేయించడమే కష్టమైంది. 1591లో కట్టిన ఆ కట్టడాన్ని కాస్త ఎడంగా నిలబడి తలెత్తి చూద్దామంటే చోటే దొరకలేదు. రాళ్లు పరిచి వాహనాలను ఆపింది మనుషులు నడవడానికే అయితే, ఆ రాళ్ల మీద బండ్లెందుకు ఉండాలి? వాటిని వేరే చోటికి తరలించాలని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పండి.

జవాబు: శాలిబండ నివాసి

అమ్మా, మీ తల్లిగారు పడిన ఇబ్బందిని నేను తక్కువ చేయను. అయితే దానికి కారణం బండ్లేనన్న మాటను ఒప్పుకోలేను. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సాగే బాట మీద, నాలుగు దారులు కలిసే కూడలిగా వెలసిన చోటు ఇది. కొనుగోళ్లూ అమ్మకాలూ ఇక్కడికి నిన్నమొన్న వచ్చి చేరినవి కావు. పెద్ద దుకాణంలో రాళ్ల గాజుల జత కొనలేని ఇంటి ఆడపిల్లకు పెళ్లి గాజులు ఈ బండ్ల దగ్గరే దొరుకుతాయి. వాటిని తీసేస్తే మిగిలేది ఫొటోలకు పనికొచ్చే ఖాళీ మైదానమే.

చట్టం కూడా మీరన్నదానికి ఒప్పుకోదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, సర్వే పూర్తిచేసి అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. యాభై ఏళ్లకు పైగా అమ్మకాలు సాగుతున్న సంతలను వారసత్వ సంతలుగా ప్రకటించాలనీ, అక్కడివారిని తరలించరాదనీ దాని రెండో షెడ్యూలు స్పష్టంగా చెబుతోంది. చార్మినార్‌కు ఆ మాట వర్తించకపోతే ఇక ఏ ఊరి సంతకు వర్తిస్తుంది?

మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను. ఆ రోజంతా మీ అమ్మగారు ఎక్కడ కూర్చున్నారు? 2021 అక్టోబరులో ‘ఏక్ శామ్ చార్మినార్ కే నామ్’ పేరిట ఆదివారం సాయంత్రాలు వాహనాలను ఆపడం మొదలుపెట్టినప్పుడు నేనూ పిల్లలతో వెళ్లాను. బండ్లు ఉండగానే జనం నేల మీద చతికిలబడి, ముచ్చట్లు చెప్పుకుంటూ గంటలకొద్దీ గడిపారు. ఆ తీరిక వాళ్లకు నేల మీద కూర్చున్నందువల్లే దక్కింది, కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషి నేల మీద కూర్చోలేడు. నీడనిచ్చే చెట్టు, వీపు ఆనించుకునే బల్ల, తాగే నీరు, ఆడవాళ్లు వెళ్లగలిగే శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. వీటి గురించి అడగకుండా బండ్ల గురించే అడగడం నాకు బాధ కలిగిస్తోంది.

జవాబు: లాడ్ బజార్ దుకాణదారు

నేను మీ ఇద్దరితోనూ విభేదిస్తున్నాను. అద్దె, పన్ను కట్టే మా గడపకు ఆనించి బండి నిలిపితే లోపలికి వచ్చే దారే మూసుకుపోతుంది. ఆయన చెప్పిన చట్టం రక్షణతోపాటు నియమాన్ని కూడా పెట్టింది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి కాబట్టి, ఎక్కడ నిలవాలో, ఏ వేళల్లో అమ్మాలో వాళ్లే కూర్చుని గీత గీయవచ్చు. ఆ గీత మాకూ కావాలి, వాళ్లకూ కావాలి.

మళ్లీ హనుమకొండ పాఠకురాలు

శాలిబండ పెద్దాయనగారు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. మా అమ్మ తీరికగా కూర్చున్నది ఒక్కచోటే: మక్కా మసీదు ఆవరణలో, కొలను ఒడ్డున ఉన్న రాతి పలక మీద. దాని మీద కూర్చున్నవారు మళ్లీ హైదరాబాదుకు వస్తారని అక్కడెవరో చెబితే సంబరపడి, పావురాలను చూస్తూ గంటకు పైగా లేవలేదు. బయటికి వచ్చాక సాయంత్రం దాకా ఆమె కూర్చోవడానికి మూసి ఉన్న ఒక దుకాణం మెట్లు తప్ప మరేమీ దొరకలేదు. కూర్చునే చోటు గురించి నేను ముందే అడిగి ఉండాల్సింది. తరలించాలన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

అయినా రెండు విషయాల్లో నా పట్టు సడలదు. ఎదురెదురుగా వచ్చే రెండు చక్రాల కుర్చీలు దాటిపోవాలంటే 1.8 మీటర్ల వెడల్పు కావాలి. గుల్జార్ హౌజ్ నుంచి మక్కా మసీదు గుమ్మం దాకా అంత దారిని ఏ పండుగ రోజైనా, ఏ బేరం కోసమైనా ఆక్రమించకూడదు. రెండోది, 2019 మే నెలలో చార్మినార్ మీనారు ఒకదాని నుంచి సున్నపు గచ్చు పెళ్ల ఊడిపడింది. అంత వయసు మళ్లిన గచ్చు పక్కన, కంచెకు ఆనించి కుంపట్లూ గ్యాసు పొయ్యిలూ పెట్టనివ్వడాన్ని నేను ఒప్పుకోను. గాజుల బండి అక్కడే ఉండవచ్చు, పొయ్యి మాత్రం కమాన్ల అవతలికి వెళ్లాలి. దీనికి దుకాణదారుగారు, శాలిబండవారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.