అమ్మ చీరతో పెర్సెఫోనీ బొమ్మ

ప్రశ్న (తిరుపతి): అమ్మ పోయి రెండేళ్లయింది. గ్రీకు పురాణంలో పాతాళంలో చిక్కిన కూతురు పెర్సెఫోనీ కోసం తల్లి డెమెటర్ లోకమంతా వెతుకుతుంది కదా, నా బొమ్మలో మాత్రం వెతికేది కూతురు. కాన్వాస్ మీద అమ్మ నూలు చీర ముక్కలు అంటిస్తే ముడతలు పడుతున్నాయి, పైన అక్రిలిక్ రంగు వేస్తే ఇంకా ఎక్కువ. ఏం చేయాలి?

జవాబు: గంజి పోయేలా ఉతికి ఇస్త్రీ చేయండి. జెస్సో (రంగుకు ముందు వేసే తెల్లటి అస్తరు) పూసిన కాన్వాస్‌కి అక్రిలిక్ మీడియం (రంగు కలపని అక్రిలిక్ జిగురు) రాసి, ముక్క పరిచి, మధ్య నుంచి అంచులకు నొక్కుతూ రండి. పూర్తిగా ఆరాకే రంగు.

జవాబు: మాది శ్రీకాళహస్తి. కలంకారీ నల్లరంగుకి తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో నానబెడతాం. కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద గీస్తే చక్కగా నల్లబడుతుంది. పాతాళానికి అది వాడండి అక్కా. దానిమ్మ గింజలు మర్చిపోవద్దు, అవి తిన్నందుకే పెర్సెఫోనీ ఏటా మళ్లీ పాతాళానికి వెళ్లాల్సి వచ్చింది.

ప్రశ్న అడిగినామె: గింజలకు అమ్మ చీర ఎర్ర అంచు దాచాను. దాన్ని కత్తిరించడానికే చేతులాడడం లేదు.