గినీ పిగ్స్ నీళ్ల బాటిల్ కారిపోతోంది, ఏది కొనాలి?

ప్రశ్న (నెల్లూరు, వేదాయపాళెం):
నమస్తే అండి. పాప అడిగిందని రెండు నెలల క్రితం రెండు గినీ పిగ్స్ తెచ్చాం. పంజరానికి 250 మి.లీ. ప్లాస్టిక్ బాటిల్ తగిలించాం. పొద్దున నింపితే మధ్యాహ్నానికి సగం కారిపోయి, కింద పరిచిన పొట్టంతా ముద్దగా తయారవుతోంది. ఇంకోటి కొన్నా, అదీ అంతే. వీటికి అసలు ఎలాంటి బాటిల్ కొనాలి? షాపులో విటమిన్ చుక్కలు కూడా ఇచ్చారు, నీళ్లలో కలపొచ్చా? పక్కింటి వాళ్ల హ్యామ్‌స్టర్‌కి కూడా ఇదే పనికొస్తుందా?

జవాబు (ఒంగోలు):
అక్కా, పంజరం ఎక్కడ పెట్టారు? ఏ నీళ్లు పోస్తున్నారు?

ప్రశ్న అడిగినవారు:
పడమటి వైపు బాల్కనీలో అన్నా. ఎండలు కదా, చల్లగా ఉంటాయని ఫ్రిజ్ నీళ్లే పోస్తున్నా. కారిపోతాయని సగమే నింపుతున్నా.

జవాబు (ఒంగోలు):
మరి అందుకే కారుతోంది. ఇంకో బాటిల్ కొనకండి, ఆగండి.

బాటిల్ తలకిందులుగా వేలాడుతున్నా నీళ్లు పడవంటే, పైన ఉన్న గాలి ఒత్తిడి బయటి గాలి కంటే కాస్త తక్కువగా ఉంటుంది కాబట్టి. ఆ గాలి వేడెక్కితే వ్యాకోచించి నీళ్లను గొట్టంలోంచి తోసేస్తుంది. సగమే నింపితే లోపల గాలి ఎక్కువ, కాబట్టి తోపుడూ ఎక్కువ. ఫ్రిజ్ నీళ్లు వేడెక్కే కొద్దీ ఇంకా కారతాయి. మామూలు నీళ్లు అంచు దాకా నింపండి, మూత బిగించండి, మూతలో రబ్బరు వాషర్ చిరగకుండా ఉందేమో చూడండి. తగిలించగానే నాలుగైదు చుక్కలు పడి ఆగాలి. ఆగకపోతే అప్పుడు బాటిల్‌నే అనుమానించాలి.

ముందు పంజరాన్ని బాల్కనీలోంచి లోపలికి తీసుకురండి. 30 డిగ్రీలు దాటితే గినీ పిగ్స్‌కి చాలా కష్టం. రోహిణి కార్తెలో పడమటెండ వాటి ప్రాణం మీదకొస్తుంది.

విటమిన్ చుక్కలు నీళ్లలో వద్దు. గినీ పిగ్స్ ఒంట్లో సి విటమిన్ తయారు కాదు, బయటి నుంచి ఇవ్వాల్సిందే, అది నిజం. కానీ నీళ్లలో కలిపితే వెలుతురుకి దాని బలం తగ్గిపోతుంది, రుచి మారితే తాగడం కూడా తగ్గిస్తాయి. రోజూ ఒక క్యాప్సికం ముక్క, కాస్త కొత్తిమీర పెట్టండి.

నాకు జరిగింది చెప్తాను, మీరు జాగ్రత్తపడతారని. పోయిన వేసవిలో మా గినీ పిగ్ బాటిల్ రెండు రోజులు నిండుగానే ఉంది. దాహం లేదేమో అనుకున్నాను. రెండో రోజు సాయంత్రం గడ్డి ముట్టలేదు. దగ్గర కూర్చుని చూస్తే, నాలుకతో గొట్టాన్ని గబగబా నాకుతోంది, టిక్కు టిక్కుమని గొట్టం చివర ఉండే గోళీ చప్పుడు వస్తోంది, లోపల బుడగ మాత్రం లేవడం లేదు. బోరు నీళ్ల సున్నం పేరుకుని గోళీ పూర్తిగా కదలడం లేదు. పళ్లెంలో నీళ్లు పోస్తే తల ఎత్తకుండా తాగింది. ఆ చూపు ఇంకా మర్చిపోలేదు. అప్పటి నుంచి పొద్దున, రాత్రి వేలితో గోళీని నొక్కి చూస్తాను. వేలు తడిస్తేనే పక్కకు వెళ్తాను. వారానికోసారి గొట్టాన్ని అరగంట వెనిగర్‌లో నానబెట్టి, ఇయర్ బడ్‌తో తుడిచి, బాగా కడుగుతాను.

ఇక కొనడం సంగతి. రెండున్నాయి కాబట్టి రెండు బాటిళ్లు ఉండాలి. రెండింటిలో పెత్తనం చేసేది గొట్టం దగ్గరే కూర్చుంటే రెండోదానికి నీళ్లు అందవు. కిలో బరువుకి రోజుకు సుమారు 100 మి.లీ. తాగుతాయి, వేసవిలో ఇంకా ఎక్కువ. గొట్టం స్టీలుదై ఉండాలి, మూతి వెడల్పుగా ఉంటే బ్రష్ దూరుతుంది. ప్లాస్టిక్ కొరికేవైతే గాజుది తీసుకోండి. గొట్టం, అవి తల కొంచెం ఎత్తితే అందేంత ఎత్తులో ఉండాలి. హ్యామ్‌స్టర్‌కి సన్న గొట్టం ఉన్న చిన్న బాటిల్ చాలు, 100 గ్రాముల బరువుకి రోజుకు 10 మి.లీ. దాకా తాగుతుంది.

జవాబు (దర్శి):
మావి కుందేళ్లు. వాటికి బాటిల్ కంటే బరువైన మట్టి మూకుడే మేలు. ముట్టె ముంచి ఎక్కువ తాగుతాయి, తక్కువ తాగితే మూత్రంలో సున్నం చేరి ఇబ్బంది పడతాయి. పొట్టు, గడ్డి పడుతుంటాయి కాబట్టి రోజుకి రెండుసార్లు కడగాలి. హ్యామ్‌స్టర్‌కి మూకుడు వద్దండి, నీళ్లలో పొట్టు తోసేసి ఒళ్లు తడుపుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
హాల్లోకి మార్చి, అంచు దాకా నింపాను. పాత బాటిల్ వాషర్ చిరిగి ఉంది, అది పడేశాను. రెండోది నిన్నటి నుంచి చుక్క కారలేదు. పొద్దున పాప గోళీ నొక్కి చూపించింది, వేలు తడిసింది. ఇవాళ సాయంత్రం గాజుది ఒకటి తెస్తున్నాం. థ్యాంక్స్ అన్నా.