స్క్వేర్‌బ్యాక్‌కు ఇంజెక్షన్ తిరిగి బిగించాలా, కార్బురేటర్లే ఉంచాలా?

ప్రశ్న

నేను కాలిఫోర్నియాలో ఉంటాను. ఇక్కడికి రెండు గంటల దూరంలో 1970 నాటి ఫోక్స్‌వాగన్ టైప్ 3 వ్యాగన్ ఒకటి అమ్మకానికి ఉంది. యూరప్‌లో వేరియంట్ అని, అమెరికాలో స్క్వేర్‌బ్యాక్ అని పిలిచింది దీన్నే. గాలితో చల్లబడే 1584 సీసీ ఇంజను వెనుక డిక్కీ నేల కింద ఉంటుంది. పాత యజమాని ఎవరో ఇంజనులోకి పెట్రోలు చిమ్మే బాష్ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను ఊడదీసి, దాని బదులు పెట్రోలును గాలిలో కలిపి పంపే రెండు కార్బురేటర్లు బిగించి, తీసిన భాగాలను ఒక అట్టపెట్టెలో దాచారు. కారు కొంటే ఆ ఇంజెక్షన్‌ను తిరిగి బిగించమంటారా, ఉన్నదాన్ని ఉన్నట్టే నడుపుకోమంటారా? కారణాలతో చెప్పగలరని మనవి.

మొదటి జవాబు

కార్బురేటర్లే ఉంచండి. అసలుదనం పోతుందన్న దిగులు అక్కరలేదు, ఎందుకంటే ఈ టైప్ 3లోనే 1963లో వచ్చిన 1500 ఎస్ మోడల్ జంట కార్బురేటర్లతోనే వచ్చింది. యాభై ఏళ్లు దాటిన ఇంజెక్షన్ వైర్లను, వాటి పెళుసుబారిన ప్లగ్గులను నమ్ముకొని దూరప్రయాణం చేయడం సాహసమే. పైగా ఇంజెక్షన్‌లో పెట్రోలు దాదాపు 2 బార్ల ఒత్తిడితో, వేడెక్కిన ఇంజను మీదుగా రబ్బరు గొట్టాల్లో తిరుగుతుంది. ఒక్క గొట్టం పగిలితే మిగిలేది బూడిదే.

రెండవ జవాబు

గొట్టాల విషయంలో పై మిత్రులతో ఏకీభవిస్తాను. ఏ దారి ఎంచుకున్నా మొదటి రోజే అన్నీ మార్చవలసిందే. మిగతా వాదన మాత్రం నాకు నచ్చలేదు. అమెరికాలో 1968 నుంచి వర్తించిన ఉద్గార నిబంధనల కోసం 1967లో ఈ టైప్ 3కి అమర్చిన ఈ బాష్ ఇంజెక్షన్, అంటే డి-జెట్రానిక్, భారీ సంఖ్యలో తయారైన కార్లలోకి వచ్చిన తొలి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్. దాన్ని తీసేస్తే ఈ కారు ప్రత్యేకతలో సగం పోతుంది. అది మొరాయిస్తుందన్న అపకీర్తికి చాలాసార్లు కారణం కంప్యూటర్ పెట్టె కాదు. ఇంజనుకు గాలి వెళ్లే ఇన్‌టేక్ గొట్టాల దగ్గర లీకు, తుప్పు పట్టిన ఎర్త్ వైరు, స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ అడుగున ఇంజెక్టర్లకు సంకేతమిచ్చే పాయింట్లకు పట్టిన మురికి.

ఇక కార్బురేటర్లకు కష్టాలు లేవా? ఇంజను వేడెక్కి వ్యాకోచించిన కొద్దీ రెండు వైపుల కార్బురేటర్లను కలిపే కడ్డీల (లింకేజీ) లెక్క మారుతుంది. పొద్దున్న గ్యారేజీలో చక్కగా ఉన్న ఐడ్లింగ్ (కారు నిలిచి ఉండగా ఇంజను తిరగడం) మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర తడబడుతుంది.

మీరు చెప్పిన అట్టపెట్టెలోని ప్రెషర్ సెన్సార్‌ను, అంటే ఇన్‌టేక్ గాలి ఒత్తిడిని కొలిచే భాగాన్ని, అక్కడే పరీక్షించవచ్చు. దాని మూతికి శుభ్రమైన గొట్టం తగిలించి నోటితో పీల్చి, చివరను నాలుకతో మూయండి. పట్టు నిలిచిందంటే లోపలి పొర చాలావరకు బాగున్నట్టే. వెంటనే వదిలేస్తే పొర చిట్లినట్టు.

ఒక్క మాట: ఇంజెక్షనా, కార్బురేటరా అన్నది రెండో ప్రశ్న. తలుపుల కింద, హీటరు వేడిగాలి సాగే పొడవాటి రేకు గొట్టాలు తుప్పు పట్టాయేమో ముందు చూడండి. అవి కుళ్లితే బాడీని నేలరేకు నుంచి విడదీసి వెల్డింగు చేయవలసి రావచ్చు. ఆ ఖర్చు ముందు ఇంజెక్షన్ ఖర్చు ఒక లెక్కే కాదు. పిస్టన్లు, సిలిండర్లు బీటిల్‌వి సరిపోతాయి గాని ఇంజనును కప్పే రేకులు, ఫ్యాన్ హౌసింగ్, వెనుక పక్క అద్దాల రబ్బర్లు దీనికే ప్రత్యేకం. ఫ్యాన్‌కు చల్లగాలి తెచ్చే ముడతల రబ్బరు గొట్టం చిరిగి ఉంటే, ఇంజను తన వేడిగాలినే తాను పీల్చుకుంటుంది.

మొదటి జవాబిచ్చినవారు

తుప్పు మాటకు నాకూ అభ్యంతరం లేదు. అయితే అర్ధరాత్రి దారిలో కారు ఆగితే, కార్బురేటర్‌ను ఏ పాత మెకానిక్ అయినా విప్పి చూడగలడు. డి-జెట్రానిక్ తెలిసినవారిని వెతకడానికే వారం పడుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న వెళ్లి చూశాను. సెన్సార్‌ను పీల్చి నాలుకతో మూసి, నిమిషం పైగా అలాగే నిలబడ్డాను, పట్టు సడలలేదు. అమ్మేవారు నన్ను వింతగా చూశారు. ఆ ఉత్సాహంలో కుడి తలుపు కింద స్క్రూడ్రైవర్‌తో మెల్లగా నొక్కితే అది పిడి దాకా లోపలికి దిగింది, గోధుమరంగు పొడి చెప్పుల మీద రాలింది. బేరం అక్కడే ఆపాను. ఇంజెక్షన్ భాగాల అట్టపెట్టె ఒక్కటీ విడిగా ఇస్తారా అని అడిగితే, కారుతో పాటే అన్నారు.