పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్: కెర్నెల్ మారినప్పుడల్లా వైఫై పోతోంది, పరిష్కారం ఉందా?

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగియడంతో, విండోస్ 11కు అర్హత లేని మా పాత ల్యాప్‌టాప్‌లో (4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్‌డిస్క్) లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (విండోస్‌కు బదులు వాడుకునే తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్) వేశాను. పెన్‌డ్రైవ్‌తో ఇన్‌స్టాల్ చేయడం అనుకున్నంత కష్టం కాలేదు. తెలుగు అక్షరాలు కూడా చక్కగానే కనిపిస్తున్నాయి. చిక్కంతా వైఫైతోనే. డ్రైవర్‌ను (వైఫై పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఇంటర్నెట్ నుంచి దించుకుంటే తప్ప వైఫై పనిచేయదు, వైఫై లేనిదే ఇంటర్నెట్ రాదు. చివరికి ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, టెథరింగ్ ద్వారా డ్రైవర్ మేనేజర్‌లో దానిని ఎక్కించగలిగాను. అయితే అప్‌డేట్‌లో కొత్త కెర్నెల్ (లినక్స్‌లోని మూల భాగం) వచ్చిన ప్రతిసారీ వైఫై మాయమవుతోంది. ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్‌ను ఎంచుకుంటే మళ్లీ పనిచేస్తోంది కనుక, కొత్త కెర్నెల్‌కు తగినట్లు డ్రైవర్ మాడ్యూల్ తిరిగి తయారు కావడం లేదని నా అనుమానం.

ఈ ల్యాప్‌టాప్ వాడేది మా అమ్మగారు. ఆవిడ చేత టెర్మినల్‌లో ఆదేశాలు కొట్టించడం నాకు సమంజసంగా తోచడం లేదు (దొరికే సలహాలన్నీ ఎందుకో అక్కడే మొదలవుతాయి). అప్‌డేట్ మేనేజర్‌లో కెర్నెల్‌ను మాత్రమే నిలిపివేసి, మిగిలిన భద్రతా అప్‌డేట్‌లను రానిస్తే ప్రమాదమేమైనా ఉందా? లేక లినక్స్‌లో నేరుగా పనిచేసే చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొనడమే మేలా? అలాగైతే ఏ చిప్‌సెట్ ఉన్నది చూసుకోవాలో అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.