జెరూసలేం యాత్ర: మోకాళ్ల నొప్పులున్న అమ్మ సీనాయి కొండ ఎక్కగలదా?

ప్రశ్న (బొబ్బిలి)
అందరికీ వందనాలు. సంఘం వాళ్లతో అమ్మ జనవరిలో జోర్డాన్, ఇజ్రాయెల్, ఈజిప్టు వెళ్తోంది. వయసు 63, మోకాళ్ల నొప్పులు, బీపీ. ఈజిప్టులోని సీనాయి కొండ ఎక్కాలనీ, యొర్దాను నదిలో దిగాలనీ ఆశ. ముందే ఏం చూసుకోవాలి?

జవాబు (రాజాం)
తమ్ముడూ, సీనాయి విషయం గట్టిగా ఆలోచించండి. శిఖరం 2,285 మీటర్ల ఎత్తు. సూర్యోదయానికి పైనుండాలని అర్ధరాత్రి దాటాక బయల్దేరదీస్తారు, ఎక్కడానికే మూడు గంటలు. ఒంటె ఉందిగా అంటారు గానీ, అది చివరి 750 మెట్ల కిందే ఆగిపోతుంది. అవి ఎగుడుదిగుడు రాతి మెట్లు, పైగా చీకటి. జనవరిలో పైన నీళ్లు గడ్డకట్టేంత చలి. మోకాళ్లు అసలు ఓడిపోయేది దిగేటప్పుడు, అక్కడికి బండి రాదు. అమ్మగారిని కింద సెయింట్ కేథరిన్ మఠం చూడమనండి. మోషే చూసిన మండే పొద ఇదేనని చూపించేది అందులోనే. శుక్ర, ఆదివారాల్లో సాధారణంగా మఠం మూస్తారు, ఆ రోజులు పడకుండా పాస్టరుగారితో ఇప్పుడే మాట్లాడండి.

జవాబు (పలాస)
యొర్దానులో దిగడానికి గలిలయ సముద్రం దగ్గరి యార్దెనిత్ సుఖం. నీళ్లు తేటగా ఉంటాయి, మెట్లకు కడ్డీలున్నాయి, తెల్ల అంగీ అద్దెకిస్తారు. యేసు బాప్తిస్మం తీసుకున్న చోటుగా చెప్పేది మాత్రం యెరికో దగ్గరి కస్ర్ అల్ యహూద్. అక్కడ నీరు బురదరంగు, వరదొస్తే మూసేస్తారు. జనవరిలో రెండుచోట్లా నీళ్లు చల్లనే, బీపీ ఉన్నవాళ్లు గభాల్న మునగకూడదు. మృత సముద్రంలో వెల్లకిలా తేలడమే, బోర్లా పడుకోవద్దు. ఆ ఉప్పునీళ్లు చుక్క కంట్లో పడితే భరించలేరు. పది నిమిషాలు చాలు, వెంటనే మంచినీళ్లతో కడుక్కోవాలి.

జవాబు (విజయనగరం)
డబ్బు కట్టకముందే రోజువారీ పట్టిక రాసిమ్మనండి. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం, ఇజ్రాయెల్‌లో బస్సులు చాలావరకు ఆగిపోతాయి. జోర్డాన్ నుంచి దాటే అలెన్బీ వంతెనను కూడా శుక్ర, శనివారాల్లో తొందరగా మూస్తారు. జెరూసలేంలో యేసు సమాధిగా కొందరు నమ్మే తోట సమాధికి ఆదివారం సెలవు.

పాస్‌పోర్టుకు తిరిగొచ్చే తేదీ తర్వాత ఆరు నెలల గడువుండాలి. మనవైపు పెద్దవాళ్లకు ఇంటిపేరు గడి ఖాళీగా ఉండిపోతుంటుంది, వీసా దగ్గర అదే చిక్కు. సరిచేయించాలంటే విశాఖ పాస్‌పోర్టు ఆఫీసులో టైం పడుతుంది, ఈ వారమే చూడండి. అక్కడి పరిస్థితులు ఎప్పుడు మారతాయో తెలీదు, యాత్ర రద్దయితే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద తీసుకోండి. మాత్రలు స్ట్రిప్పుల్లోనే, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టాలి.

ప్రశ్న (బొబ్బిలి)
చాలా మేలు చేశారండి. వెళ్లేటప్పుడు ఆవకాయ, తిరిగొచ్చేటప్పుడు యొర్దాను నీళ్లు ఎలా పట్టుకెళ్లాలి?

జవాబు (పలాస)
రెండూ చేతిసంచిలో వద్దు, 100 మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు. సీసా మూత చుట్టూ టేపు వేసి, కవర్లో చుట్టి పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టండి.